ముర్రుపాలు ముందు ఎవరికి?



ఈవేళ లేగదూడల సంగతి చెప్పుకుందాం. పాడి మాట వచ్చేసరికి మనం గేదె పొదుగు గురించి, పాలలో వెన్న గురించి, తవుడు, తెలగపిండి ధరల గురించి చాలాసేపు మాట్లాడుకుంటాం గాని, పాక మూల గుంజకు కట్టివున్న దూడ మాట చివరకు గాని రాదు. మూడు నాలుగేళ్ళు గడిస్తే మన యింట చెంబెడు పాలు ఇవ్వవలసినది ఆ దూడే గదా!

మాది భవానీపురం. బెజవాడకు పడమటి వైపు, కృష్ణ ఒడ్డున, ప్రకాశం బ్యారేజికి ఎగువన ఉంటుంది. ఇప్పుడు అంతా మేడలే. అయినా సందులలో గేదెలు కట్టుకుని, చుట్టుపక్కల వాళ్ళకు పాలు పోసి బ్రతికే యిళ్ళు ఇంకా ఉన్నాయి. మా వీధిలో గేదె ఈనిందంటే ఆ వార్త ఎవరూ చెప్పనక్కరలేదు. మధ్యాహ్నానికి మూత పెట్టిన గిన్నెలో జున్ను వస్తుంది. బెల్లం, మిరియాలపొడి, యాలకులు వేసి ఆవిరి మీద వండిన జున్ను. నాకూ ఇష్టమే, తిననని చెప్పను. తరువాత తొమ్మిదో రోజునో పదో రోజునో అదే యింటినుంచి మరొక కబురు వస్తుంది. "దూడ పోయిందండీ. పారుకుంది, రెండు రోజులు లేవలేకపోయింది. ఎవరి దిష్టో తగిలింది."

ఆ జున్ను గిన్నెకు, ఈ కబురుకు చాలాసార్లు సంబంధం ఉంటుంది. ఆ సంబంధం ఏమిటో చెప్పడానికే ఈ ప్రసంగం.

మనిషి బిడ్డ సంగతి వేరు. తల్లి కడుపులో ఉండగానే, తల్లికి లోగడ వచ్చిన జబ్బులను, వేయించుకున్న టీకాలను బట్టి తల్లి రక్తంలో తయారైన యాంటీబాడీలు మాయ గుండా బిడ్డ రక్తంలోకి చేరుతాయి. యాంటీబాడీలంటే రోగక్రిములను పట్టి బంధించే పదార్థాలు. బిడ్డ భూమి మీద పడేసరికే కొంత కవచం తొడుక్కుని వస్తుందన్నమాట. గేదెకు, ఆవుకు, మేకకు, గొర్రెకు అట్లా కాదు. వీటి మాయలో పొరలు ఎక్కువ. తల్లి రక్తానికి, పిండం రక్తానికి నడుమ ఆ గోడ మందంగా ఉంటుంది. ఆహారం దాటుతుంది, ప్రాణవాయువు దాటుతుంది, యాంటీబాడీలు మాత్రం దాటవు. కనుక దూడ పుట్టేటప్పుడు దాని రక్తంలో యాంటీబాడీలు దాదాపు లేనట్టే. పేడ, మూత్రం, ఈగలు, తడినేల ఉన్న పాకలోకి అది ఉత్త చేతులతో వచ్చి పడుతుంది.

ప్రకృతి ఆ లోటును పూడ్చడానికి వేరే దారి పెట్టింది. ఈనడానికి నాలుగైదు వారాల ముందునుంచి గేదె తన రక్తంలోని యాంటీబాడీలను పొదుగులోకి తోడి దాస్తుంది. ఈనిన వెంటనే వచ్చే చిక్కని, జిగటగా ఉండే పాలలో అవి ఉంటాయి. అవే ముర్రుపాలు. మన వాళ్ళు జున్నుపాలు అని పిలిచేది వీటినే. ఆ రెండో పేరే దూడ కొంప ముంచిందేమో అని నాకు ఒక్కొక్కసారి అనిపిస్తుంది. పేరు వినగానే మనకు బెల్లం గుర్తుకు వస్తుంది గాని దూడ గుర్తుకు రాదు.

ఇది మన గేదెకు మాత్రమే వచ్చిన తిప్పలు కాదు. దక్షిణ అమెరికాలో పెరూ, బొలీవియా దేశాలలోని ఆండీస్ కొండల మీద లామా, అల్పాకా అనే జంతువులను పెంచుతారు. ఒంటెకు దాయాదులు. అల్పాకా ఉన్నికి పేరు, లామా బరువులు మోస్తుంది. వాటి మాయ కూడ ఇట్లాంటిదే. ఆ పిల్లలు కూడ తల్లి తొలిపాలు అందకపోతే పారుడు పట్టి, రక్తంలో విషం చేరి చనిపోతాయి. మంచు పడే ఆ కొండల మీది కాపరికీ, వరిగడ్డి వామి పక్కన కూర్చున్న మనకూ సమస్య ఒక్కటే.

ఇక అసలు కీలకం కాలంలో ఉంది. దీనిని మన డెల్టా రైతుకు కాలువ లాకు చూపించి చెప్పడం సులువు. బందరు కాలువ మీదనో, ఏలూరు కాలువ మీదనో లాకు తలుపులు ఎత్తివున్నప్పుడే నీళ్ళు దిగువకు పోతాయి. తలుపు దించిన తరువాత ఎగువన ఎంత నీరు నిలిచినా మన చేనుకు చుక్క రాదు. దూడ పేగుకు కూడ అట్లాంటి తలుపులున్నాయి. పుట్టిన మొదటి ఆరు గంటలలో అవి బాగా తెరుచుకుని ఉంటాయి. ముర్రుపాలలోని యాంటీబాడీలు అరిగిపోకుండా, ఉన్నవి ఉన్నట్టుగా పేగు గోడ దాటి రక్తంలో కలుస్తాయి. గంట గంటకూ తలుపు దిగుతూ వస్తుంది. పన్నెండు గంటలకు చాలా భాగం మూతపడుతుంది. ఇరవైనాలుగు గంటలకు మూసుకుపోయినట్టే. ఆ తరువాత బిందెడు ముర్రుపాలు పోసినా కడుపుకు ఆహారం అవుతుంది, పేగు లోపలి క్రిములమీద కొంత పనిచేస్తుంది, రక్తంలోకి మాత్రం చేరదు.

కనుక "రేపు పొద్దున పడదాం లెండి" అనే మాట ఇక్కడ పనికిరాదు.

ఈ సంగతి పరీక్ష చేసి చూపించి నూరేళ్ళు దాటింది. 1922లో అమెరికాలో థియొబాల్డ్ స్మిత్, రాల్ఫ్ లిటిల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు కొన్ని దూడలకు ముర్రుపాలు పట్టించి, కొన్నింటికి పట్టించకుండా పెంచారు. తాగినవి నిలిచాయి. తాగనివాటిలో ఎక్కువ భాగం కొద్ది రోజులలోనే చనిపోయాయి. కోసి చూస్తే, మామూలుగా పేగులో ఉండే క్రిములు రక్తంలోకి, కాలేయంలోకి పాకివున్నాయి. పశువుల పిడుదుల వల్ల జ్వరం వ్యాపిస్తుందని అంతకు ముందే, 1893లో, నిరూపించినవాడు ఈ స్మిత్ గారే.

ఇన్నేళ్ళుగా తెలిసిన విషయం మన పాకలలో ఎందుకు అమలు కావడం లేదు? నేను చూసినంతలో కారణాలు రెండు. ఒకటి జున్ను. రెండోది మాయ పడేదాకా దూడకు పాలు కుడపరాదు అనే పట్టింపు.

రెండోదాని గురించి నా సొంత అనుభవమే చెబుతాను. నేను డిప్లొమా చదువుతున్న రోజుల్లో మా యింట ఒక మంచి గేదె ఉండేది. తెల్లవారుజామున నాలుగు గంటలకు ఈనింది. పెయ్యదూడ. మా మామ్మ దీపం పట్టుకుని కూర్చుంది. నేను, "మామ్మా, పాలు పిండి దూడకు పడదామా?" అన్నాను. "మాయ పడనీరా అబ్బాయ్, ఇప్పుడే చేపితే మాయ లోపలే ఉండిపోతుంది," అంది. పుస్తకంలో నేను చదివింది వేరు. పరీక్షలో రాసి మార్కులు కూడ తెచ్చుకున్నాను. కాని నలభై ఏళ్ళు గేదెలు సాకిన మనిషి ముందు ఇరవై ఏళ్ళవాడిని ఏం మాట్లాడను? ఊరుకున్నాను. మాయ మధ్యాహ్నం పన్నెండు దాటాక పడింది. అప్పుడు పిండి, సగం జున్నుకు తీసి, మిగిలింది దూడకు వదిలారు. ఎనిమిది గంటలు పోయాయి. ఆరో రోజున దూడకు తెల్ల పారుడు మొదలైంది. బొడ్డు కూడ వాచింది. డాక్టరు గారు వచ్చి సెలైను ఎక్కించారు. పదకొండో రోజున పోయింది. మామ్మ రెండు పూటలు అన్నం తినలేదు. ఆమెకు దూడల మీద ప్రేమ లేక కాదండీ, ఆమెకు ఎవరూ చెప్పలేదు. చెప్పగలిగినవాడిని నేను నోరు మూసుకున్నాను.

తరువాతి ఈతకు నేను ఉద్యోగంలో చేరాను. ఈసారి మామ్మకు ముందుగానే విడమరచి చెప్పాను. దూడ చన్ను కుడిస్తే, పొదుగు పిండితే, గేదె ఒంట్లో ఒక పదార్థం విడుదల అవుతుంది. పాలు చేపేది దానివల్లనే, గర్భసంచి ముడుచుకునేది కూడ దానివల్లనే. కనుక దూడ కుడిస్తే మాయ పడడానికి సాయమే గాని అడ్డం కాదు. ఆమె నమ్మిందో, మనవడి ముచ్చట తీర్చిందో తెలియదు. అర్ధగంటలో పాలు పట్టించాం. మాయ నాలుగు గంటలలో పడింది. ఆ పెయ్య పెరిగి పెద్దదై ఈనింది కూడ.

మాయ మామూలుగా ఎనిమిది, పన్నెండు గంటలలోపు పడాలి. అంతకు మించితే డాక్టరును పిలవండి. మాయను చేత్తో లాగడం, దానికి రాయి కట్టడం వద్దు. కాని ఆ వ్యవహారం వేరు, దూడ పాలు వేరు. ఒకదానికోసం మరొకటి ఆపకూడదు.

ఇప్పుడు ఎన్ని పాలు, ఎట్లా పట్టాలి అన్నది చూద్దాం. దూడ బరువులో పదోవంతు అన్నది గుర్తు పెట్టుకోదగిన లెక్క. ముప్ఫై కిలోల దూడకు మూడు లీటర్లు. బరువు తెలియకపోతే, దూడను ఎత్తుకుని తూకం యంత్రం మీద నిలబడండి. తరువాత మీరొక్కరే నిలబడి ఆ బరువు తీసివేయండి. ఈ మూడు లీటర్లూ ఒక్క గుక్కలో పోయనక్కరలేదు. పుట్టిన గంటలోపు లీటరున్నర, ఆరు గంటలు నిండేలోపు మిగతా లీటరున్నర. తరువాత రెండు మూడు రోజులు కూడ రోజుకు పదోవంతు చొప్పున, మూడు నాలుగు తడవలుగా ఈ పాలే పట్టవలెను.

"తల్లి కింద వదిలేశామండీ, అదే తాగుతుంది" అంటారు చాలామంది. తాగితే మంచిదే. కాని తాగిందో లేదో, ఎంత తాగిందో మనకు తెలియదు. తొలిచూలు గేదెకు పొదుగు వాచి, చన్నులు బిరుసెక్కి ఉంటాయి, ముట్టుకుంటే తంతుంది. కొన్ని పొదుగులు వేలాడి చన్నులు కిందికి ఉంటాయి, దూడ పైన వెతుక్కుంటూ ఉంటుంది. కష్టపడి పుట్టిన దూడ లేవడానికే రెండు గంటలు పడుతుంది. కనుక పిండి, శుభ్రమైన సీసాకు పాలపీక తగిలించి పట్టించడమే నిశ్చయమైన పద్ధతి. పిండేముందు పొదుగు, మీ చేతులు కడుక్కోండి. పేడ చేతులతో పిండిన ముర్రుపాలు దూడకు ఒక చేత్తో కవచమిచ్చి మరొక చేత్తో క్రిమిని ఇచ్చినట్టు అవుతుంది. దూడ తల మరీ పైకి ఎత్తవద్దు. వెదురు గొట్టంతో గొంతులో పోయడం మానండి, పాలు ఊపిరితిత్తులలోకి పోతే అదొక చావు. గొట్టం ద్వారా కడుపులోకి పంపవలసి వస్తే ఆ పని చేతనైన పశువైద్య సిబ్బంది చేయాలి.

ముర్రుపాలన్నీ ఒకే బలం గలవి కావు. ఈనడానికి రెండు నెలల ముందే పాలు వట్టిపోనివ్వాలి. చివరిదాకా పిండుకుంటే తొలిపాలలో బలం తగ్గుతుంది. ఈనక ముందే పొదుగు నిండింది గదా అని పిండినా, చన్నులు కారిపోయినా అంతే. ఈనిన తరువాత మొదటిసారి పిండిన పాలకు, రెండోసారి పిండిన పాలకు కూడ చాలా తేడా ఉంటుంది. మొదటివే అసలైనవి.

బలం కొలిచే పరికరం ఉంది. ఉయ్యూరు ప్రాంతంలో చెరకు పండించే రైతులకు బ్రిక్స్ అనే మాట కొత్త కాదు, రసంలో తీపి కొలిచేది. అదే పరికరం మీద ఒక చుక్క ముర్రుపాలు వేసి చూస్తే ఆవు పాలకైతే 22 గాని, ఆపైన గాని వచ్చినవి మంచివని లెక్క. గేదె పాలకు దీనినే ఉజ్జాయింపుగా వాడుకోవచ్చు. పది యిళ్ళవాళ్ళు కలిసి ఒక్కటి కొనుక్కుంటే చాలు. చూపుకు చిక్కగా ఉన్నంత మాత్రాన బలమైనవని చెప్పలేం.

ఇక్కడ గేదెలు కొనేవారికి ఒక మాట. మన డెల్టాకు హర్యానా వైపునుంచి చూడి ముర్రా గేదెలను తెస్తారు. లారీ దిగిన వారానికే ఈనినవి ఉన్నాయి. అట్లా ఈనిన గేదె పొదుగులోని యాంటీబాడీలు అక్కడి పాకల క్రిములకు తగినవి, మన పాకల క్రిములకు కాదు. పైగా ప్రయాణపు బడలిక. కనుక చూడి గేదెను కొంటే ఈనడానికి కనీసం నెల, నెలన్నర ముందే తెచ్చుకోండి. ఆ వ్యవధిలో మన నేల, మన నీరు దానికి పరిచయమై, ఇక్కడి క్రిములకు తగిన సరుకు పొదుగులో దాస్తుంది. తల్లికి గొంతువాపు, గాలికుంటు టీకాలు వేళకు వేయించివుంటే వాటి ఫలం కూడ ఈ పాలలోనే దూడకు అందుతుంది.

2024 సెప్టెంబరులో బుడమేరు గండ్లు పడి, కృష్ణకు కూడ వరద వచ్చి, బెజవాడ పడమటి పేటలు మునిగిన సంగతి మీకు తెలుసు. బ్యారేజి వద్ద 11 లక్షల క్యూసెక్కులు దాటిన వరద అది. మా వైపు కూడ నీళ్ళు నిలిచాయి. పశువులను మెరక రోడ్ల మీదికి తోలారు. ఆ వారంలో నేను చూసిన రెండు దూడల సంగతి చెబుతాను. ఒక గేదె అర్ధరాత్రి రోడ్డు మీదనే ఈనింది. గిన్నె లేదు, పాలపీక లేదు. ఆ యిల్లాలు ఎవరో పంచిన మంచినీళ్ళ సీసా ఖాళీ చేసి, అందులోకి పిండి, వేలు చప్పరింపజేస్తూ కొంచెం కొంచెంగా దూడకు తాగించింది. తెల్లవారేసరికి సీసా మూడుసార్లు నింపానని నాతో చెప్పింది. ఆమె ఏ ప్రసంగమూ వినలేదు, "ఆకలికి అరుస్తుంటే ఊరుకోలేకపోయాను" అంది, అంతే. రెండోచోట దూడ పుట్టగానే చలికి వణుకుతోందని భుజాన వేసుకుని మిద్దె మీదికి చేర్చారు. తల్లి రోడ్డు మీద, బిడ్డ మిద్దె మీద, నడుమ నడుములోతు నీళ్ళు. రెండు రోజులు డబ్బాపాలు కలిపి పట్టారు. ప్రేమగానే చూశారు. మూడో రోజున నీళ్ళు తీసి తల్లి దగ్గరకు చేర్చారు గాని అప్పటికి తలుపు మూసుకుంది. వారం తిరగకుండా పారుకుని పోయింది. మొదటి దూడ ఇప్పటికీ మా వీధి చివర కనపడుతూనే ఉంటుంది. దూడను తల్లినుంచి విడదీయక తప్పని పరిస్థితే వస్తే, తల్లి పాలు ఒక్క సీసాడు వెంట తీసుకుపొండి.

జున్ను సంగతికి వస్తాను. మీ యింటి జున్ను మీద నేను నిషేధం పెట్టడం లేదు. నిషేధిస్తే మా యింట్లోనే నన్ను బయటకు పంపుతారు. వరస మాత్రం మార్చమంటున్నాను. మొదటిసారి పిండినవి దూడవి. దూడ కడుపు నిండాక మిగిలినవి, రెండోనాటివి మీవి. రెండోనాటి పాలతో జున్ను కాస్త మెత్తగా వస్తుంది, రుచికి లోటుండదు. మరి అమ్ముకునేవారి మాట? పాలకేంద్రాలవారు ఈనిన తొలి రోజుల పాలు ఎట్లాగూ తీసుకోరు, కాచితే విరుగుతాయి గనుక. జున్ను కోసం ఇరుగుపొరుగు ఇచ్చే ధర నిజమే, చేతికి ఆ పూట నాలుగు డబ్బులు వస్తాయి. దాని ఎదుట ఒక పడ్డ ధర పెట్టి చూసుకోండి. పైగా దూడ పోతే గేదె చేపదు. చేపడానికి గడ్డి కూరిన తోలుదూడను ముందు నిలబెట్టడం, అదీ కాకపోతే పూటపూటా ఇంజెక్షన్లు పొడవడం మన కళ్ళముందు జరుగుతూనే ఉన్నాయి. ఆ ఇంజెక్షన్ల జోలికి పోకండి.

మగదూడ విషయం కూడ దాచకుండా మాట్లాడదాం. దున్నదూడ అని తెలియగానే దాని వాటా సగమైపోతుంది. ట్రాక్టర్లు వచ్చాక దానితో పనేమిటి అని మీరు అడిగితే నా దగ్గర సులువైన జవాబు లేదు. కాని ఒక్కటి చెప్పగలను. ముర్రుపాలు అందని మగదూడ పారుకుంటే ఆ క్రిమి పాక అంతటా పరుచుకుంటుంది. పక్కన కట్టిన పెయ్యకు అదే నేల, అదే బక్కెట్టు. మొదటి ఆరు గంటలు మగ, ఆడ అని చూడకండి.

దూడ పుట్టగానే ముక్కు, నోరు తుడిచి, తల్లిని నాకనివ్వండి. బొడ్డును టింక్చర్ అయోడిన్‌లో ముంచండి, రెండు మూడు రోజులు రోజూ ముంచండి. వాచిన బొడ్డునుంచి క్రిమి కీళ్ళకు చేరితే దూడ కుంటుతుంది, మోకాళ్ళు పొంగుతాయి. తెల్ల పారుడు, దగ్గు, కీళ్ళ వాపు, ఇవన్నీ వేరు వేరు జబ్బులుగా కనపడతాయి గాని, మొదటి మూడు వారాలలో వస్తే వాటి వేరు చాలావరకు ఆ మొదటి రోజునే ఉంటుంది. పారుకునే దూడకు పాలు మాన్పించకండి. నీళ్ళలో ఉప్పు, చక్కెర కలిపిన ద్రావణం పాలకు, పాలకు నడుమ పట్టండి, ఆలస్యం లేకుండా డాక్టరును పిలవండి. 1962 నంబరుకు ఫోను చేస్తే సంచార పశువైద్య వాహనం సాయం దొరుకుతుంది. దూడకు తగినంత రక్షణ చేరిందా లేదా అన్నది రక్తపరీక్షతో మొదటి వారంలో తెలుసుకోవచ్చు. చేరకపోతే తల్లి రక్తపు సీరమో, ప్లాస్మానో ఎక్కించే మార్గం వైద్యులకు ఉంది. గన్నవరంలోని పశువైద్య కళాశాల మన జిల్లావారికి దగ్గర. నేను డాక్టరును కాను గనుక మందుల పేర్లు, మోతాదులు చెప్పను.

తల్లి ఇచ్చిన కవచం శాశ్వతం కాదు. రెండు మూడు వారాలకొకసారి సగమవుతూ పోతుంది. ఆలోగా దూడ తన యాంటీబాడీలను తాను తయారు చేసుకోవడం నేర్చుకుంటుంది. ఒకటి తగ్గుతూ, మరొకటి ఇంకా పెరగని నడిమికాలం ఉంటుంది. ఆ నెల, రెండు నెలలలో దూడ పాలు ఒక్కసారిగా తగ్గించి కుడితి మీద వదిలేయడం మంచిది కాదు. గేదె దూడలకు పాల ద్వారానే ఏలికపాములు కూడ వస్తాయి. అందుకని రెండో వారంలో డాక్టరు చెప్పిన మందు పట్టించాలి. పాలు మానిపించడం దానికి మందు కాదు. టీకాలు మరీ ముందుగా వేస్తే తల్లి యాంటీబాడీలే వాటిని అడ్డుకుంటాయి. గాలికుంటుకు నాలుగో నెల, గొంతువాపుకు ఆరో నెల. పెయ్యలకు నాలుగు నుంచి ఎనిమిది నెలల లోపు ఈసుడు రోగం టీకా, జీవితంలో ఒక్కసారి.

కొందరు సోదరులు అడిగిన ప్రశ్నలకు జవాబులు చెప్పి ముగిస్తాను.

"ముర్రుపాలు కడుపునిండా తాగినా అస్తమానం జబ్బుపడే దూడలు ఉంటాయా?" అని ఒకరు అడిగారు. ఉంటాయి, అరుదుగా. పుట్టుకతోనే రక్షణ యంత్రంలో లోపం గలవి. ఇందాక చెప్పిన లామాలలోనే అట్లాంటి జబ్బును 1990లలో అమెరికా పశువైద్యులు వర్ణించారు. బాగా పెరుగుతున్న పిల్ల పాలు మరిచే యీడులో చిక్కిపోయి, జబ్బు మీద జబ్బు తెచ్చుకుని చనిపోతుంది. యాంటీబాడీలు తయారుచేసే తెల్లకణాలే దానికి కొరత. మన దేశంలో హోల్‌స్టీన్ సంకర ఆవులు పెంచేవారు తెలుసుకోవలసినది మరొకటి ఉంది, బ్లాడ్ అంటారు. ఇందులో తెల్లకణాలు ఉంటాయి గాని రక్తనాళం దాటి క్రిమి ఉన్నచోటికి పోలేవు. దూడ నోటిపూతతో, న్యుమోనియాతో తీసుకుపోతుంది. ఆస్బర్న్‌డేల్ ఐవన్‌హో అనే ఒక పేరుమోసిన అమెరికా ఆబోతు సంతతి ద్వారా, దాని వీర్యం దేశదేశాలకు పోవడంతో ఈ లోపం వ్యాపించింది. లోపం ఏ జన్యువులో ఉన్నదో 1992లో కనిపెట్టారు. ఇప్పుడు వీర్యకేంద్రాలలో ఆబోతులను పరీక్షించి, లోపం గలవాటిని తీసివేస్తున్నారు. ఊరూ పేరూ లేని వీర్యం వాడవద్దని మేము చెప్పడంలో ఇదొక కారణం. అయితే ఇవి పుట్టుక లోపాలు, మన చేతిలో లేనివి. మా పేటలో పోయే దూడలు ఇందుకు పోవడం లేదు.

"మిగిలిన ముర్రుపాలు దాచవచ్చునా?" అని ఒక సోదరి అడిగారు. తప్పక దాచవచ్చు. శుభ్రమైన సీసాలో లీటరు చొప్పున పోసి, తేదీ రాసి, ఫ్రిజ్‌లో గడ్డకట్టే అరలో పెడితే ఏడాది వరకు పనికివస్తాయి. ఆరోగ్యంగా ఉన్న, ఈసుకుపోని గేదె పాలే దాచండి. అవసరమైనప్పుడు చెయ్యి పట్టగలిగినంత వేడినీళ్ళలో సీసా ఉంచి కరిగించండి. తొందరపడి పొయ్యి మీద పెట్టారో, జున్ను అవుతుంది!

"తల్లి చనిపోతే, దాచిన పాలూ లేకపోతే?" ఇదే కష్టమైన ప్రశ్న. ముందు అదే రోజున ఈనిన మరొక గేదె ఊళ్ళో ఉందేమో విచారించండి. మొహమాటపడకండి, జున్నుకు అడిగినప్పుడు పడని మొహమాటం దూడ కోసం ఎందుకు? అదీ దొరకకపోతే, ఒక కోడిగుడ్డు గిలకొట్టి, 300 మిల్లీలీటర్ల గోరువెచ్చని నీళ్ళలో కలిపి, అర చెంచా ఆముదం, 600 మిల్లీలీటర్ల పాలు చేర్చి రోజుకు మూడుసార్లు, మూడు నాలుగు రోజులు పట్టమని పాడి పుస్తకాలలో ఉంది. అది దూడకు బలం ఇస్తుంది, కడుపు సాఫు చేస్తుంది. యాంటీబాడీలు మాత్రం ఇవ్వదు. కనుక ఆ దూడను మిగతా పశువులకు దూరంగా, పొడి గడ్డి పరిచిన చోట కట్టండి. దాని బక్కెట్టు దానికే ఉంచండి. పూటపూటా కాచిన నీళ్ళతో కడగండి. తెల్ల పారుడు కనపడేదాకా ఆగకుండా మొదటి రోజునే డాక్టరుకు చూపించి, సీరం సంగతి అడగండి.